మిద్దె మీది చెవి

శ్వేత ఆటో దిగి మూడుకాళ్ల స్టాండును వీధిలో నిలబెట్టిందో లేదో, అరుగు మీదున్న అయ్యన్న పంచె సర్దుకుంటూ లేచి వచ్చాడు.

“ఏం పాపా, రోడ్డు ఎడల్పు జేస్తారా? ఎవురి అరుగు పోతాది?”

“రోడ్డుకు కాదు తాతా. డాక్టరు గారి ఈసీజీలో గీతలు పాడవుతాండాయంట గదా. ఆ గోల యాడి నుంచి వస్తాందో సూడనీకి వచ్చినా.”

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నా, ఆదోని గాలి తగలగానే శ్వేత నోట ఎమ్మిగనూరు మాటే వచ్చింది. అయ్యన్న ముఖం వెలిగిపోయింది.

“అట్ల సెప్పు! ఆ గీతకు మొదట బలైంది నేనే పాపా” అని చొక్కా గుండీలు విప్పబోయాడు. “ఇదో, ఈ గుండెకాయ గీత సూసి నన్ను కర్నూలుకు తోలిరి. దోవంతా మా ఇంటామె ఏడ్సిందే ఏడ్సింది. ఆడ పెద్ద డాక్టర్లు సూసి, నీకేమైందప్పా, ఎద్దు మాదిరి ఉండావు, ఇంటికి పో అనిరి. అంతా ఆ జయమ్మ కారం మిషను జేసిన పని.”

అంత మాట అని, అరుగు మీదున్న తన మిరపకాయల సంచిని తీసుకుపోయి ఆ జయమ్మ షెడ్డు ముందే పెట్టి వచ్చాడు. గుండె గుండే, కారం కారమే.

కొండ కింద ఆ వీధి ఒక ఆటో, ఒక ఆవు పక్కపక్కన పట్టేంత వెడల్పు. ఇటు డాక్టరు గురురాజ మిద్దె. కింద ఆసుపత్రి, పైన కాపురం. అటు సరిగ్గా ఎదురుగా జయమ్మ రేకుల షెడ్డు. ఉగాది ముందు రోజులు కాబట్టి షెడ్డు ముందు సంచులే సంచులు. ఏడాదికి సరిపడా కారం ఇప్పుడే పట్టించుకోవాలి, తర్వాత వానలొస్తే మిరపకాయ మెత్తబడుతుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్లు రోగంతో దగ్గుతున్నారో కారంతో దగ్గుతున్నారో తేల్చడం డాక్టరుకు కూడా కష్టమే. దగ్గును ఆయన ఓర్చుకున్నాడు. గీతలను ఓర్చుకోలేకపోయాడు. పండగ దాటగానే మునిసిపాలిటీ వాళ్లు వస్తారు. శ్వేత పరీక్ష చేసి ఏమి రాస్తే దాన్నిబట్టి జయమ్మ మిషనుకు కరెంటు ఉంచడమో పీకడమో తేల్చేస్తారు. సంగతి ఇదీ.

శ్వేతను పిలిపించింది డాక్టరే. అట్లాగని ఆయన చెడ్డవాడేమీ కాదు. బీదాబిక్కీ వస్తే ఫీజు అడగడు. శ్వేతకు కుర్చీ వేయించి, తానే పక్కన నిలబడి, చిన్నపిల్లాడిలా ప్రశ్న మీద ప్రశ్న వేశాడు.

“ఇట్లాంటి పరీక్షలు ప్రత్యేకమైన గదిలో చేస్తారని చదివానమ్మా.”

“అవును సార్. గోడలన్నీ లోహంతో కట్టిన గది ఉంటుంది. బయటి తరంగం ఒక్కటి కూడా లోపలికి రాదు. కానీ వీధిని తీసుకుపోయి గదిలో పెట్టలేం కదా. అందుకే రెండు యాంటెన్నాలు తెచ్చాను. యాంటెన్నా అంటే చెవి అనుకోండి. ఒక చెవి మీ ఈసీజీ గది కిటికీ దగ్గర పెడతాను. దానికి అన్నీ వినిపిస్తాయి. జిన్నింగు మిల్లుల మోటార్లు, రేడియో, వెల్డింగు షాపు, ఈ కారం మిషను, అన్నీ. రెండో చెవి ఊరి గోల మాత్రమే వినాలి. అందులో విన్నదాన్ని మొదటి చెవి విన్నదానిలోంచి కంప్యూటరు తీసేస్తూ పోతుంది. ఊరి గోల నిమిషానికో రకంగా మారుతుంది కదా, ఈ ఫిల్టరు కూడా ఆ మార్పును ఎప్పటికప్పుడు నేర్చుకుంటూనే ఉంటుంది. చివరికి మిగిలినదే మనం వెతికే దొంగ.”

“భలే ఉందే!” అన్నాడు డాక్టరు నిజమైన సంతోషంతో. “మరి ఆ రెండో చెవి ఎక్కడ పెడతావు?”

“జయమ్మ మిషనుకు దూరంగా, కాస్త ఎత్తులో, ఎవరూ కదిలించని చోట.”

“మా మిద్దె ఉండనే ఉంది కదమ్మా!”

అంతకంటే మంచి చోటు శ్వేతకూ తోచలేదు. మెట్ల గది నీడ ఉంది, తలుపుకు గొళ్లెం ఉంది, ప్లగ్గు ఉంది. పైన సోలారు పలకలు వరసగా తళతళలాడుతున్నాయి. డాక్టరు భార్య అలివేలమ్మ టీ ఇచ్చి, “ఎండలో నిలబడొద్దు తల్లీ, ఈ నీడకు జరుపుకో నీ సామాను” అంది. శ్వేత స్టాండును నీడకు జరిపింది. టీ గ్లాసు పెట్టుకోవడానికి గోడకు బిగించిన ఇన్వర్టరు పెట్టె చేతికందేంత దూరంలోనే ఉంది.

కిందికి వచ్చి ల్యాప్‌టాపు తెరిచింది. తెర నిండా గడ్డి మొలిచినట్టు గీతలు. ఫిల్టరు పెట్టగానే గడ్డి మెల్లమెల్లగా పడుకుంది. ఈ క్షణం శ్వేతకు ఎప్పుడూ ఇష్టమే. గోల గోలంతా పోయి, ఒక్క దొంగ మిగిలే క్షణం. ఎదురుగా జయమ్మ స్టార్టరు నొక్కింది. తెర మీద నాలుగైదు చోట్ల మొనలు చిటపటమంటూ లేచాయి. ఒకరి కారం దిగాక జయమ్మ ఆపింది, మొనలు పడిపోయాయి. ఇంకొకరిది పోసి మళ్లీ నొక్కింది, మళ్లీ లేచాయి. అనుమానానికి చోటేదీ?

శ్వేత రోడ్డు దాటింది. షెడ్డులో జయమ్మ ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని తొట్టిలోకి మిరపకాయలు తోస్తోంది. కింద మూతికి కట్టిన గుడ్డసంచి ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతోంది. అందులో చెయ్యి పెట్టి, చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, “ఇంగొక్క తూరి దింపల్ల హుసేనమ్మా, పలుకుండాది” అంది. గట్టు మీద కూర్చున్న హుసేనమ్మ సరేనని తలూపింది. శ్వేత కోసం జయమ్మ ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. యాభై దాటిన మనిషి. కనుబొమల మీద ఎర్రటి దుమ్ము.

“ఏమొచ్చె పాపా?”

వీధిలో అందరూ వింటున్నారు. డాక్టరు తన మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. ఎవరు చెప్పినా ఇట్లాంటి మాట మెల్లగా చెప్పాల్సింది. కానీ మిషను చప్పుడులో శ్వేత గట్టిగానే చెప్పాల్సి వచ్చింది.

“మీ మిషనేనక్కా. ఆ గోల మీ స్టార్టరు నుంచే వస్తాంది.”

జయమ్మ తొట్టిలో మిగిలిన మిరపకాయల వైపు చూసింది.

“హుసేనమ్మది సగముండాది. అది దిగనీ.”

కారం దిగాక సంచి మూతి విప్పి, విదిలించి, ఆఖరి పొడి కూడా హుసేనమ్మ డబ్బాలో పోసింది. మోటారు ఆపింది. చక్రం తిరగడం పూర్తిగా ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది. అప్పుడు వంగి బెల్టు పట్టాను చక్రం మీది నుంచి తప్పించి, చుట్ట చుట్టి, మేకుకు తగిలించింది.

“అదేంది జయమ్మా, మావో?” అన్నారు సంచులవాళ్లు.

“ఇంగ లేదప్పా. తీస్కపోండి.”

“ఇన్ని దినాలు ఎవరు సెప్పినా ఇనకపోతివి! కరెంటోళ్లు సెప్పిరి, వార్డోళ్లు సెప్పిరి...”

“వాళ్లు నోటితో సెప్పిరి. ఈ పాప పెట్టి సూసి సెప్పింది.” జయమ్మ శ్వేత వైపు తిరిగింది. ఆ కళ్లల్లో కోపం ఉంటుందనుకుంది శ్వేత. లేదు. “నేనే అంటినమ్మా సారుతో, మాపటేల మిషను నిలిపినాక వచ్చి సూస్కో, పొద్దన ఒకరి కారం నడిమధ్యన నిలిపేది లేదు అని. మాపటేల సూసినాడు. గీత తిన్నగా వచ్చె. అయినా నా మనసొప్పలే. నా మిషను ఈడ, ఆయప్ప గుండెకాయ ఆడ, మధ్యన తీగా లేదు, తాడూ లేదు, ఎట్లబ్బా అనుకుంటి. నువ్వు మా ఎమ్మిగనూరు దిక్కు ఆడపిల్లవు. నీకేమి నామీద పగ?”

“స్టార్టరు మారిస్తే...” అని శ్వేత ఏదో చెప్పబోయింది.

“మారిస్తే మళ్లా ఇంగోటి అంటారు. ఒకరి గుండెకాయతో ఆడుకునే పని మనకొద్దు తల్లీ. జిన్నింగు మిల్లు ఉండనే ఉండాది. మొన్నటిదాకా ఆ దూది మింగే బతికినా.” ఆ మాట అంటుంటేనే దగ్గు వచ్చింది. చెంగు అడ్డం పెట్టుకుంది.

మెట్ల మీద డాక్టరు తల పంకించాడు. ఆయన ముఖంలో గెలిచిన సంబరమేమీ లేదు, పీడ విరగడైన తేట ఉంది అంతే. శ్వేత ల్యాప్‌టాపు సర్దుకుంది. పై సామాను మాత్రం అక్కడే వదిలింది. అనుమానం ఉన్న మిషను ఆగిపోయినప్పటి కొలతలు కూడా జత చేయాలి. అవి అమావాస్య నాడు తీసుకుంటానంది. ఆ రోజు ఊళ్లో మోటార్లే తిరగవు కాబట్టి మరీ శుభ్రంగా వస్తాయి.

*

ఎమ్మిగనూరులో నాన్న మగ్గం మీద ఉన్న చీర అంచు ముగించే తొందరలో ఉన్నాడు. అమావాస్య నాడు మగ్గం ముట్టడు. నాలుగు దారాలు మిగిలిపోయినా సరే, మర్నాటికే. శ్వేత గోడకు ఆనుకుని రిపోర్టు రాసుకుంటోంది. కండెలు చుడుతున్న అమ్మ అంతా విని రాట్నం ఆపింది.

“నువ్వు సెప్తానే ఆపేసిందా? ఎదురు మాట్లాడలే?”

“లేదు.”

“తిట్టనన్నా తిట్టలే?”

“లేదమ్మా.”

“అయితే పాపం, నిన్ను శానా నమ్మింది” అంది అమ్మ, మళ్లీ రాట్నం తిప్పుతూ.

ఆ మాట శ్వేతకు నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తిట్టినవాళ్ల సంగతి మర్చిపోవడం తేలిక. అన్నం దగ్గర కూడా ఆ పట్టా చుట్టిన చేతులే గుర్తొచ్చాయి. అయినా రిపోర్టు రాసి, హైదరాబాదులో ఉన్న ప్రకాష్‌కు పంపేసింది. ప్రకాష్ ఆమె పైఅధికారి. ఫోనులో పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వెంటనే తిరిగొచ్చింది.

*

అమావాస్య నాడు ఉరుకుంద ఈరన్న గుడికి పోయే జనంతో బస్సు కిక్కిరిసింది. శ్వేత నిలబడే ఆదోనికి వచ్చింది. ఊరు వింతగా ఉంది. జిన్నింగు మిల్లుల వైపు నుంచి ఎప్పుడూ వినిపించే ఆ ఒక్క శ్రుతి హోరు లేదు. వెల్డింగు షాపు మూసి ఉంది. దుకాణాల ముందు కొట్టిన గుమ్మడికాయ ముక్కల మీద కుంకుమ. సెల్ టవర్లు అమావాస్య పాటించవు గానీ, వాటి గోల పై శ్రుతుల్లో ఎక్కడో ఉంటుంది, ఈసీజీ జోలికి రాదు. కింది శ్రుతుల భాగమంతా ఖాళీగా, కడిగిన పలకలా ఉండాలి.

జయమ్మ షెడ్డు ముందు జల్లెడలు కడిగి ఎండకు ఆనించి ఉన్నాయి. మోటారును దింపి గోనెపట్టా మీద పెట్టారు. జయమ్మ కొబ్బరిపీచుతో తొట్టిని తోముతోంది.

“అమ్మేసినావా అక్కా?” అంది శ్వేత.

“కోడుమూరు గోవిందన్న అడిగినాడు. రేపు పొద్దన్నే బండి తెస్తాడు. పండగ పూట వాళ్లూర్లో పూజ జేసి ఎక్కిస్తాడంట.” తోమడం ఆపలేదు. “మంచోడే. మిషను బాగా సూసుకుంటాడు.”

కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు కూడా అంత నచ్చజెప్పుకోరు మనుషులు. శ్వేత ఆసుపత్రిలోకి నడిచింది.

ఆసుపత్రి కూడా నిశ్శబ్దమే. అమావాస్య పూట ఎవరూ కొత్తగా వైద్యం మొదలుపెట్టరు. కాంపౌండరు శేఖర్ ఒక్కడే బల్ల మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. శ్వేత కిటికీ దగ్గర యాంటెన్నా నిలబెట్టి తెర తెరిచింది. ఊరంతా ఊరుకున్న రోజు ఇక ఫిల్టరెందుకని, అది తీసేసి చూసింది.

తెర మీద గడ్డి ఉంది.

మొదట వైరు వదులైందనుకుంది. బిగించింది. ఉంది. ఫిల్టరు పెట్టింది, పోయింది. తీసింది, మళ్లీ లేచింది. తెరంతా సమానంగా, దువ్వెన పళ్లలా, ఒకదాని పక్కన ఒకటి. జయమ్మ స్టార్టరు మొనలు దీని ముందు ఎంత! ఎవరు ఇది? మిల్లులు లేవు. వెల్డింగు లేదు. జయమ్మ మోటారు గోనెపట్టా మీద పడుకుని ఉంది. ఊళ్లో ఎవరూ లేనప్పుడు కూడా మాట్లాడుతున్నది ఎవరు?

శ్వేత మెట్లెక్కి మిద్దె మీదికి పోయింది. ఎండ మండిపోతోంది. సోలారు పలకలు తళతళమంటున్నాయి. నీడలో, మొన్న అలివేలమ్మ జరుపుకోమన్న చోట, ఆమె రెండో చెవి నిలబడి ఉంది. దాని పక్కనే గోడ మీద, సోలారు పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు పెట్టె. లోపల చిన్న ఫ్యాను తిరుగుతోంది. పెట్టె మీద ఆమె టీ గ్లాసు గుండ్రటి మరక ఇంకా ఉంది.

శ్వేత అక్కడే మెట్ల మీద కూర్చుంది. ఫిల్టరు అబద్ధమాడలేదు. ఈ చెవి విన్నదంతా ఊరి గోల, తీసెయ్ అని దానికి చెప్పింది తానే. ఈ చెవిని పెట్టెను ఆనించి పెట్టిందీ తానే. ఆ పెట్టె రోజంతా అరుస్తుంటే, అది పాపం నేర్చుకుని నేర్చుకుని, ఒక్క ముక్క మిగల్చకుండా తుడిచేసింది. అసలు దొంగ పోయాక మిగిలిన చిటపటను పట్టుకుని, నడివీధిలో నిలబడి, నీదే అక్కా అంది.

సాయంత్రం గీత తిన్నగా ఎందుకు వచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది. పొద్దు కుంకితే జయమ్మ మిషను ఆగుతుంది. పొద్దు కుంకితే సోలారు పెట్టే ఆగుతుంది. జయమ్మ ఆగడం అందరికీ వినిపిస్తుంది. దీని ఆగడం ఎవరికి వినిపిస్తుంది?

కిందికి దిగి, “శేఖరన్నా, కొంచెం మంచమెక్కు. ఈసీజీ తీయాలి” అంది.

“అమావాస్య నాడా! నాకేం ఖర్మమ్మా?”

“నీ గుండెకేం కాదు. మిషనును చూడాలి.”

“గీత వంకరొస్తే మా ఇంటామెకు సెప్పొద్దు మరి” అని గొణుగుతూ ఎక్కి పడుకున్నాడు. కాగితం మీద గీత ముళ్లకంపలా వచ్చింది. శ్వేత పైకి పోయి పెట్టెను ఆపి వచ్చింది. గీత నున్నగా, పుస్తకంలో బొమ్మలా వచ్చింది. శేఖర్ మెడ ఎత్తి రెండు కాగితాలూ చూశాడు. “ఓరి దీని!” అన్నాడు.

డాక్టరు పైన భోజనానికి కూర్చోబోతున్నాడు. వంటింట్లో రేపటి ఉగాది ఓళిగలకు బెల్లం తురుముతున్న చప్పుడు. శ్వేత రెండు కాగితాలు చేతికిచ్చి, జరిగిందంతా చెప్పింది. తన పొరపాటుతోనే మొదలుపెట్టింది. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కాగితాలనే చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“నా నెత్తి మీదే పెట్టుకుని...” అని ఆగాడు. “రేపే మార్పించేస్తాను దాన్ని. అయ్యన్నను కూడా అనవసరంగా హడలగొట్టాను.”

“జయమ్మ...”

“ఆ.” గొంతు సవరించుకున్నాడు. “చూడమ్మా. పండగ పూట ఇప్పుడిదంతా ఎందుకు? ఆమె ఎట్లాగూ నిలిపేసింది. అమ్మేసుకుంది కూడానంట. ఆ దుమ్ము మాత్రం రోగులకు మంచిదా? స్టార్టరులో కొంత గోల ఉందని నువ్వే అన్నావు, అది అబద్ధం కాదు కదా. నా పెట్టె నేను మార్చుకుంటాను. నువ్వు రాసిందేదో అట్లే ఉండనీ.”

అందులో ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అంత మంచి గొంతుతో అన్నా, శ్వేత ఆ రెండు కాగితాలూ తిరిగి తీసుకుంది. మొన్న ఈ ఇంటి టీ తాగింది, ఈ ఇంటి నీడలో నిలబడింది. అంత మాత్రానికే ఈ ఇంటి గోల చెవికెక్కకుండా పోయింది.

“అది కుదరదు సార్. నేను మళ్లీ రాస్తాను” అంది.

మెట్లు దిగుతూ ప్రకాష్‌కు ఫోను చేసింది. మొన్నటి రిపోర్టు తప్పు, రెండోది పంపుతానంది. “డబ్బిచ్చింది ఆయన. ఆయనే వద్దంటుంటే నీకెందుకు? మన కొలతే తప్పని మనమే రాసుకుంటామా?” అన్నాడు ప్రకాష్. “తప్పు కొలిచింది నేను సార్. నా పేరుతోనే రాయండి” అంది శ్వేత. అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు. ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో పండగ తర్వాత తెలుస్తుంది.

జయమ్మ షెడ్డు వెనక గదిలో ఎసరు పెడుతోంది. శ్వేత గడప దగ్గర కూర్చుని చెప్పింది. తరంగాలూ ఫిల్టర్లూ అన్నీ వదిలేసి, తాను చెవి ఎక్కడ పెట్టిందో, అందుకు ఏమి వినకుండా పోయిందో అంతే చెప్పింది.

“నీ మిషను కాదక్కా. డాక్టరు సోలారు పెట్టె. తప్పు నాది.”

జయమ్మ బియ్యం కడుగుతున్న చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

“నాది కానే కాదా?”

“స్టార్టరులో పాయింట్లు కాలిపోయినాయి. అది కొంచెం గోల చేస్తాంది. మార్చుకోవల్ల. కానీ గీతలు పాడు చేసేది అది కాదు.”

“రెండు రాత్రులు నిద్రల్యా నాకు” అంది జయమ్మ మెల్లగా. “ఇంగెంతమందివి తప్పు గీతలు జూసి మందులిచ్చినారో, ఎవురికేమాయనో అని. ఆ అయ్యన్న ముఖం సూడల్లంటే సిగ్గు.” ఉన్నట్టుండి కళ్లు నిప్పులయ్యాయి. “మంచి పిల్లవమ్మా నువ్వు! ఎవురి మిద్దె ఎక్కి ఇన్నావో వాళ్ల తప్పు నీకు ఇనపడలే. అంతేనా?”

“అంతే.”

“నా రేకుల మీద పెట్టింటే?”

“అప్పుడు నీది వినపడేది కాదు. ఆయనది వినపడేది.”

జయమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ముక్కు చీది చెంగుకు తుడుచుకుంది. శ్వేత ఇక లేవచ్చనుకుని గడప దాటబోయింది.

“యాడికి పోతావు?”

“చెప్పినా కదక్కా.”

“మొన్న వీధిలో నిలబడి సెప్తివి. ఈ పొద్దు ఇంట్లో కూసోని సెప్తాండావు.”

శ్వేత షెడ్డు దాటి, వీధిలోకి వచ్చింది. అమావాస్య కాబట్టి పనులకు పోని జనమంతా అరుగుల మీదే ఉన్నారు. అయ్యన్న పులిజూదం ఆడుతున్నాడు. హుసేనమ్మ వేపచెట్టు నీడన పేలు చూయించుకుంటోంది. ఏ మిషను చప్పుడూ లేదు, అరవాల్సిన పనే లేదు. అయినా మనది కాని తప్పును పదిమందిలో చెప్పడం ఎంత తేలికో, మన తప్పు చెప్పడం అంత కష్టం.

“అందరూ ఒక మాట వినండి” అంది. “మొన్న జయమ్మక్క మిషను వల్లే గీతలు పాడవుతాండాయని సెప్పినా. అది తప్పు. నేను తప్పుగా సూసినా. పాడుచేసేది డాక్టరు గారి మిద్దె మీది సోలారు పెట్టె. జయమ్మక్క మిషను కాదు.”

“గట్టిగా సెప్పు, ముసిలోళ్లకు ఇనపడల్ల” అంది షెడ్డులోంచి జయమ్మ.

శ్వేత మళ్లీ చెప్పింది. ఈసారి చివరి అరుగు దాకా వినపడింది. పులిజూదం ఆగిపోయింది.

“అయితే నా గుండెకాయ గీత?” అన్నాడు అయ్యన్న నోరు తెరిచి.

“నీ గుండెకాయ నీదే తాతా. గీత ఆ పెట్టెది.”

“ఓరి నీ... అన్ని దినాల్నుంచి ఆయమ్మను తిడ్తాంటి గదే నేను!” అయ్యన్న తల పట్టుకున్నాడు. హుసేనమ్మ లేచి కొంగు దులుపుకుంది. “తిట్టేది నువ్వు, కారం పట్టించుకునేదీ నువ్వే” అనేసరికి అరుగులన్నీ నవ్వాయి.

ఎప్పుడొచ్చాడో డాక్టరు మెట్ల మీద ఉన్నాడు. అన్నీ విన్నాడని ముఖమే చెబుతోంది. కాదనవచ్చు. లోపలికి పోవచ్చు. ఆయన చెప్పుల్లేకుండానే మెట్లు దిగి రోడ్డు దాటి వచ్చాడు. అన్నం తిన్న చెయ్యి ఇంకా తడిగా ఉంది.

“అమ్మాయి చెప్పింది నిజమే” అన్నాడు అందరికీ వినపడేలా. ఆ ముక్క అనడానికి ఆయనకు చాలా కష్టమైంది. అనేశాక తేలికపడ్డాడు. “జయమ్మా, ఆ కోడుమూరు మనిషికి రావొద్దని చెప్పు. మునిసిపాలిటీ వాళ్లతో నేను మాట్లాడతాను. నువ్వు నడుపుకో.”

“ఇప్పుడే తిప్పు జయమ్మా, మోటారు మేమెక్కిస్తాం” అని నలుగురు మగవాళ్లు లేచారు. ఇళ్లల్లోంచి అప్పుడే సంచులు బయటికి వస్తున్నాయి. అందరికీ ఒక్కసారిగా ప్రాయశ్చిత్తం చేసుకోవాలనీ ఉంది, పండగలోగా కారం పట్టించుకోవాలనీ ఉంది.

జయమ్మ షెడ్డు గడప మీదికి వచ్చి నిలబడింది. తడిచేతులు చీరకు తుడుచుకుంది.

“యాడోళ్లాడ కూసోండి. మోటారు మీద ఎవురూ చెయ్యేయొద్దు.” డాక్టరు వైపు తిరిగింది. “సారూ, నువ్వు ఆపమంటే నేను ఆపలే. ఈ పాప సెప్పిందని ఆపినా. ఇప్పుడు నువ్వు తిప్పమన్నావని తిప్పను. ఈ పొద్దు అమావాస్య. అమావాస్య పూట నా మిషను తిరగదు, ఎవురు సెప్పినా అంతే. రేపు టెంకాయ కొట్టి తిప్పుతా.”

మొన్న అంతమంది ముందు పట్టా చుట్టి మేకుకు తగిలించిన మనిషి, ఇవాళ అంతమందినీ ఆపి నిలబెట్టింది. శ్వేత కళ్లు తుడుచుకుని, కారపు దుమ్ము పడిందన్నట్టు ఊదుకుంది. ఆ రోజు కారమే లేదని అందరికీ తెలుసు.

పై మిద్దె మీది నుంచి అలివేలమ్మ కొంచెం వంగి, మొహమాటంగా అడిగింది.

“జయమ్మా, మావి కూడా ఒక సంచి ఉన్నాయి. రేపు పొద్దున్నే పట్టిస్తావా?”

జయమ్మ తలెత్తి చూసింది.

“తెచ్చి అందరి ఎనక పెట్టమ్మా” అంది.